సున్నం పెట్టని నేరేళ్లు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త చెల్లాయమ్మ. అంతా కళ్లతో చూసిన మనిషి. ఆమె ఒక్క ముక్క కలపలేదు, నేనూ కలపను.

నేరేడుమెట్ట అనే కొండగూడెంలో బొజ్జిరెడ్డి అని, పట్టిన పగ వదలని మనిషి ఒకడు ఉండేవాడు. గూడేనికి అతనే పెద్ద. అడవిలో ఏ చెట్టు దేనికి పనికొస్తుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కానీ బావ సింగారెడ్డితో మూడేళ్లుగా మాటల్లేవు. వేటలో పందికి తగిలింది బొజ్జిరెడ్డి బాణమట, కొట్టినవాడికి దక్కాల్సిన తల మాత్రం సింగారెడ్డి ఇంటికి వెళ్లిందట. అదీ పగ.

ఒక వేసవిలో తోటల కంపెనీ వాళ్లు వచ్చారు. కొండంతా కొట్టేసి, కాగితం మిల్లు కోసం జామాయిల్ వేస్తామన్నారు. గూడెం అడ్డం తిరిగింది.

"మీకు తిండి పెట్టే చెట్లు మేం ముట్టం పెద్దాయనా," అన్నాడు మేస్త్రీ. "ఇదిగో సున్నం. నువ్వు బొట్టు పెట్టిన చెట్టు ఉంటుంది, పెట్టనిది పడుతుంది. నీ చేతి బొట్టే లెక్క."

బొజ్జిరెడ్డి సున్నం ముంత పట్టుకుని కొండెక్కాడు. మామిడికి పెట్టాడు, ఇప్పకి పెట్టాడు, చింతకి పెట్టాడు, కల్లు ఇచ్చే జీలుగుకి పెట్టాడు. వెనకాలే ఆడవాళ్లు నడిచారు. చివరికి సింగారెడ్డికి చెందిన కొండవాలు వచ్చింది. అక్కడ పదకొండు నేరేళ్లు గుంపుగా ఉండేవి. వాటి కింద రాతిసందులో ఊట. గూడెమంతా తాగేది ఆ నీళ్లే.

బొజ్జిరెడ్డి ఆగిపోయాడు.

"ఏరా తమ్ముడూ, నిలబడిపోయావేం?" అంది సింగారెడ్డి భార్య. ఆమే చెల్లాయమ్మ, బొజ్జిరెడ్డికి సొంత అక్క.

"సున్నం అయిపోయింది."

"ముంతలో సగం ఉంది. నాకింకా కళ్లు పోలేదు."

"పందితల మింగినవాడి చెట్లకి నా సున్నం ఎందుకక్కా?"

"ఓరి నీ పందితల! నీ పెళ్లాం కూడా ముంతెడు కూర పట్టుకెళ్లింది, పోయి అడుగు!"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వుకి అతనికి ఒళ్లు మండింది.

"మరి ఊట ఏమవుద్దిరా?" అంది అక్క.

"నీళ్లు రాతిలోంచి వస్తాయి, చెట్లలోంచి కాదు," అన్నాడు. మిగిలిన సున్నం నేలమీద పారబోశాడు.

సింగారెడ్డి పరుగున మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు. "మీ పెద్దాయన బొట్టు లేదయ్యా," అన్నాడు మేస్త్రీ. సాయంత్రానికి పదకొండు నేరేళ్లూ పడిపోయాయి.

మొదటి ఏడు నీళ్లు వచ్చాయి. "చూశారా?" అన్నాడు బొజ్జిరెడ్డి. రెండో ఏడు దారంలా వచ్చాయి. మూడో వేసవిలో ఒక పొద్దున చెల్లాయమ్మ ఎండు ఆనబుర్రని ఊటలోకి దించింది. బుర్ర రాతికి తగిలి టక్కుమంది. పుట్టి బుద్ధెరిగాక అక్కడ ఆ చప్పుడు ఆమె వినలేదు. మళ్లీ ముంచింది. మళ్లీ టక్కుమంది.

గూడెమంతా వచ్చి నిలబడింది. కొండ నెత్తి దాకా జామాయిల్ వరసలు. వాటిలో ఒక్క పిట్ట కూత లేదు. సున్నం పెట్టిన మామిళ్లు కూడా పిందెల్ని రాల్చేశాయి. బొజ్జిరెడ్డి బోర్లా పడుకుని రాతిసందులోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. బయటికి తీస్తే చేతినిండా దుమ్ము.

"రాతిలోంచే కదా వచ్చేది," అన్నాడు. "రాయి ఇక్కడే ఉంది కదా..."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని అందరి మొహాల్లోకీ చూశాడట. ఆ నెలలోనే ఇరవై రెండిళ్లూ తలోదారి పట్టాయి. అక్కాతమ్ముళ్లు మళ్లీ ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఇప్పుడు ఆ తోట గేటు దగ్గర ఒక బోర్డు ఉంది. నాకు అక్షరాలు అంతంతమాత్రం, రెండుసార్లు చదివించుకుని విన్నాను. కొండవాళ్ల పోడు వల్ల ఇక్కడి ఊట ఎండిందని రాశారు. అబద్ధం. ఆ రాసినవాణ్ణి నేను చచ్చేదాకా మరిచిపోను. చదువుకున్నవాళ్లు ఎవరైనా వెళ్లి దాన్ని చెరిపి సరిగ్గా రాయండి. నరికింది కంపెనీ. నరకనిచ్చింది బొజ్జిరెడ్డి. ఆ పేరు దాచకండి, ఆయన మా నాన్న. దాని కింద ఈ మాట కూడా రాయండి: పగతో ఒకడి చెట్టుని నరకనిస్తే, ఎండేది ఊరందరి గొంతు.