హిల్డమ్మ బొమ్మకు కళ్లు

ఆళ్లగడ్డలో కాళహస్త్యాచారి అనే శిల్పికి ఒక అలవాటుండేది. శిష్యుడు ఏదైనా ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పడు. "పోయి ఫలానాది చూసిరాపో" అంటాడు, అంతే! చూసొచ్చినవాడికి అర్థమైతే వాడి అదృష్టం, కాకపోతే మళ్లీ పంపిస్తాడు.

ఆయన దగ్గర మౌనేశు అని ఒక శిష్యుడు. బంగారంలాంటి చెయ్యి, కాదనను, కానీ నోరూ ఆగదు, ఉలీ ఆగదు. మొదటిసారి సొంతంగా అమ్మవారి విగ్రహం చేస్తున్నాడు. అంతా చక్కగా కుదిరింది, పెదవుల దగ్గరే వచ్చింది చిక్కు. రోజూ ఇంకాస్త గీకుతాడు. శుక్రవారం ఊరివాళ్లొచ్చి విగ్రహాన్ని తీసుకుపోవాలి. రాయి మట్టి కాదు గదండీ, పోయింది తిరిగి అతుక్కోదు. ఇంకొంచెం గీకితే అమ్మవారి నవ్వే పోయేట్టుంది. వాడికి భయం పట్టుకుంది.

"గురువుగారూ, పని అయిపోయిందని ఎట్ల తెలుస్తుంది?" అని అడిగాడు.

"హిల్డమ్మ నిన్ననే ఆపేసింది. పోయి ఆమె బొమ్మ చూడుపో" అన్నాడాయన.

హిల్డా అంటే ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఒక చేపల ఊరి మనిషి. అరవై దాటింది. ఆమె చెక్కిన బొమ్మలు అక్కడ పార్కుల్లో, రేవుల్లో నిలబెట్టారట. మన నల్లరాయి మీద మోజుపడి ఏటా చలికాలం వచ్చి, ఆచారిగారి రేకుల కొట్టంలో ఒక మూల కూర్చుని చెక్కుకునేది. వచ్చీరాని తెలుగులో పరాచికాలాడుతూ అందరితోపాటు జొన్నరొట్టె తినేది. ఆ యేడు ఆమె చెక్కింది, వంగి కూర్చుని చేపలు కడిగే ఒక ఆడమనిషిని. ఆ వీపు చూస్తే, అబ్బ, మన నడుము నొప్పి పుడుతుంది! ముఖం మాత్రం కోడిగుడ్డులా నున్నగా వదిలేసింది.

మన శిల్పులు కళ్లు చిట్టచివర చెక్కుతారు. మంచి గడియలో విగ్రహానికి కళ్లు తెరిపించి, ఎదుట అద్దం చూపిస్తారు. అంతవరకు అది ఉట్టి రాయే. మౌనేశు ఆ నున్నటి ముఖం చూసి, "అయ్యో, పెద్దామె! కళ్లు చెక్కడం చేతకాక ఆపేసింది" అనుకున్నాడు. గురువుగారు తనను పంపింది ఇందుకే కాబోలని కూడా అనుకున్నాడు! హిల్డమ్మ ఆ పూట సంతకు పోయింది. తిరిగొచ్చేసరికి బొమ్మకు రెండు కళ్లున్నాయి, ఎదురుగా అద్దముంది, పక్కన ఉలి పట్టుకుని చెమట తుడుచుకుంటూ వీడున్నాడు.

"చూడమ్మా, నీ బొమ్మ కళ్లు తెరిచింది!"

హిల్డమ్మ సంచి కింద పెట్టి బొమ్మ ముందుకొచ్చింది.

"నేను నిన్ను అడిగినానా?" అంది.

వాడు గబగబా అద్దం పక్కకు తీసేశాడు.

"ఇది మా అమ్మ. రేవులో పొద్దంతా చేపలు కడిగేది. నేను వెనక కూర్చునేదాన్ని. వీపు బాగా గుర్తుంది. ముఖం గుర్తు లేదు" అంది. "ఎవరి కళ్లు ఇవి?" అని అడిగింది.

"మా అమ్మవి. నాకు చూడకుండా చెక్కడానికి వచ్చేవి అవే."

ఆమె ఆ కళ్లను బొటనవేలితో తడిమింది. కొళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కొచ్చింది. ఇద్దరు మనుషుల్ని పిలిచి బొమ్మను గోడవైపు తిప్పించింది. ఇప్పుడు ఇటు వీపొక్కటే. ఆ వీపు వెనక నేలమీద, చిన్నపిల్ల కూర్చున్నట్టు కూర్చుంది.

"మా ఊళ్లో కూడా ఇట్లనే పెడతా, ముఖం సముద్రం వైపు. మీ అమ్మ సముద్రం చూడనీలే" అంది.

మౌనేశు కళ్లు తుడుచుకుంటూ గురువు దగ్గరికి పరిగెత్తాడు.

"తప్పు చేసినాను గురువుగారూ! ఆమె పెద్దమనసుతో సరిపెట్టుకుంది. కానీ నేనడిగినదానికి జవాబు దొరకలేదే. అమ్మవారి పెదవి ఎడమపక్క ఇంకొంచెం..."

ఆచారిగారు వాడి ముఖం చూడలేదు. పిడికిలి వైపు చూశాడు.

"ఉలి ఇంకా నీ చేతిలోనే ఉంది గదరా" అన్నాడు.