నీటిమీద భిక్షాపాత్ర

లాలప్ప తన దోనెను ఒడ్డుమీదికి లాగి బోర్లించాడు. చేపలు పట్టే సైదమ్మను అడిగి తెచ్చుకున్న గొడ్డలిని దాని పక్కన పెట్టి, గురువుగారి గుడిసె ముందు కూర్చున్నాడు. బయటకు వచ్చిన జమాల్ షా మొదట దోనెను, తరువాత గొడ్డలిని, ఆపైన శిష్యుడి ముఖాన్ని చూశారు.

"నరకడానికి చేతులాడటం లేదు బాబా. మీరు ఒక్క మాట అంటే నరికేస్తాను."

లాలప్ప నీటిచుక్కకు ముఖం వాచిన మెట్టసీమలో పుట్టి, దూది ఏకుతూ బతికినవాడు. జమాల్ షాను వెతుక్కుంటూ ఈ కొల్లేటి లంకకు వచ్చాకే, ముప్పయ్యో ఏట, మొదటిసారి మోకాలు దాటిన నీటిలో దిగాడు. తాటిమొద్దును తొలిచి చేసిన దోనెను నడపడం ఒక్క ఏడాదిలో నేర్చుకున్నాడు. తెల్లవారి నమాజు ముగిశాక గురువు ఇచ్చే తీరిక గడియలో ఆ దోనెను పరుగెత్తించడంకన్నా అతనికి వేరే సంతోషం లేదు. సైదమ్మ మాత్రం, మీ ఊళ్లో నీళ్లు లేవని మా కొల్లేటినంతా ఒక్కరోజులో చిలికేస్తావా అని ఎదురుపడినప్పుడల్లా దెప్పేది. లాలప్ప నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఉదయం నవ్వు రాలేదు. జమ్ముగడ్డి పొదల అంచును రాసుకుంటూ దూసుకుపోయి, వెనుదిరిగి చూసేసరికి, దోనె లేపిన అల తగిలి ఒక బుడుబుంగ గూడు పక్కకు ఒరిగి ఉంది. నాచుతోను, కుళ్లిన ఆకులతోను, నీటిమీద తేలేలా ఆ చిన్న పక్షి కట్టుకున్న గూడు. పక్షి కనబడలేదు. అందులో నాలుగు గుడ్లున్నాయని సైదమ్మ ముందురోజే చెప్పింది. దగ్గరకు వెళ్లి చూస్తే ఒక్కటీ లేదు.

ఇదంతా చెప్పి, ఇక నీటి ముఖం చూడనని ఒట్టు పెట్టుకోబోయాడు లాలప్ప. గురువు చెయ్యి అడ్డం పెట్టారు.

"గూటిలో ఏముంది?"

"తడి నాచు తప్ప ఏమీ లేదు."

జమాల్ షా లోపలికి వెళ్లి, ఆనాటి భిక్షను తీసుకుని వచ్చారు. వారిద్దరికీ రోజుకు ఒక్కటే పూట. గురువు వంతు ఆయన భిక్షాపాత్ర అయిన పెద్ద కొబ్బరిచిప్పలో ఉంది, శిష్యుడి వంతు తామరాకులో ఉంది. దోనెను నీటిలోకి దించమన్నారు.

గూటికి చాలా దూరంగా, మరొక జమ్ము పొద దగ్గర ఆపించి, ఆయన నడుములోతు నీటిలో దిగారు. అన్నంతో ఉన్న చిప్పను జమ్ము కాడల నడుమ తేలనిచ్చి పక్కకు జరిగారు.

"పొద్దున వెళ్లినట్టే వెళ్లు."

లాలప్ప సందేహించాడు. గురువు మాట కనుక వెళ్లాడు. దోనె దాటిపోయిన కాసేపటికి అల వచ్చి కాడలను ఊపింది. చిప్ప తలకిందులయింది. మెతుకులకోసం చిరుచేపలు మూగాయి.

జమాల్ షా చిప్పను కడిగి, తామరాకులోని అన్నం అందులో పెట్టారు. "ఇది నీది. మళ్లీ వెళ్లు."

ఈసారి లాలప్ప తెడ్డును నీటికి తాకించీ తాకించకుండా, ఊపిరి బిగబట్టి, అంగుళం అంగుళంగా జరిగాడు. చిప్ప కదలలేదు. అతను గర్వంగా గురువువైపు చూశాడు.

"శవాన్ని మోసుకుపోతున్నావా లాలప్పా? నేను చూడవచ్చింది నీ ఆట."

లాలప్ప తల వంచుకుని కాసేపు నీటిని చూస్తూ ఉండిపోయాడు. అల ఎంతదూరం పోయి చల్లారుతుందో మొదటిసారి గమనించాడు. తరువాత దోనెను జమ్ముకు ఎడంగా, కనుచూపు మేర పరుచుకున్న తేటనీటివైపు తిప్పాడు. అక్కడ మాత్రం ఒంట్లో ఉన్న బలమంతా తెడ్డుకు ఇచ్చాడు. గాలి చెవుల్లో హోరెత్తింది. తిరిగివచ్చేటప్పుడు, జమ్ము ఇంకా దూరంగా ఉండగానే తెడ్డు పైకెత్తి, దోనె వేగాన్ని దానంతట దానినే తగ్గనిచ్చాడు.

చిప్ప ఉయ్యాలలా ఒకసారి ఊగి, నిలిచింది.

ఆ అన్నాన్ని ఇద్దరూ దోనెలోనే కూర్చుని చెరిసగం తిన్నారు. తిరిగివస్తూ ఉండగా గురువు చెయ్యెత్తారు. లాలప్ప తెడ్డు ఆపాడు.

కాస్త దూరంలో, ఉదయం ఒరిగిన గూడు దగ్గర బుడుబుంగ నీటిలోనుంచి పైకి తేలింది. ముక్కున పచ్చినాచు ఉంది. దాన్ని ఒరిగినవైపు కుక్కి, గూడెక్కి, పైనున్న తడి నాచును ముక్కుతో ఒక్కొక్క పోగే పక్కకు లాగింది. ఒక గుడ్డు కనబడింది. తరువాత రెండు. నాచు అంతా తొలగాక నాలుగు. ఉదయం గూడు విడిచేముందు పక్షి తానే వాటిని నాచుతో కప్పి వెళ్లింది. వాటిమీద మెల్లగా సర్దుకుని కూర్చుంది.

లాలప్ప తెడ్డు మోకాళ్లమీద పెట్టుకుని, కళ్లు తుడుచుకున్నాడు.

"మీకు ముందే తెలుసా బాబా?"

"కప్పి వెళ్తుందని తెలుసు. అల తరువాత కూడా నాలుగూ ఉన్నాయో లేదో తెలియదు. నాకూ భయంగానే ఉంది."

లాలప్ప దోనెను ఒడ్డువైపు తిప్పాడు. జమాల్ షా తలపాగా విప్పి, ఎగిరిపోకుండా మోకాలి కింద దోపుకున్నారు.

"గొడ్డలి సైదమ్మకు సాయంత్రం తిరిగి ఇవ్వవచ్చు. ముందు కొల్లేటి నడిమికి పోనివ్వు. నాకూ కాస్త గాలి తగలాలి."