బండి తలుపుకు కట్టిన మోకు

కొండమీద కోట కడుతున్న రోజులవి. రాళ్లు మోసే బండ్లకు వెనక తలుపులు పెట్టించి, వాటికి గడియలు చేయించినవాడు బండ్ల అధికారి వీరభోజుడు. ఒకరోజు ఎత్తు ఎక్కుతుండగా ఒక గడియ ఊడి, తలుపు తెరుచుకుని, బండరాయి జారిపడి ఒక కూలీ కాలు విరిగింది.

బండి వెనక్కి జారకుండా చక్రం కింద దిమ్మ పెట్టే పని పైడమ్మది. ఆమె ఎప్పుడూ బండి వెనకే నడవాలి. అందుకని ఆ మర్నాటి నుంచి తలుపుకు అడ్డంగా మోకు కట్టుకోసాగింది.

పనులు చూడటానికి రాజు వచ్చిన రోజున వీరభోజుడి కంట ఆ మోకు పడింది.

"నా గడియ మీద నమ్మకం లేదా? విప్పు. లేదంటే పని మానుకో," అన్నాడు.

పైడమ్మ మోకు విప్పేసింది. "తమరి పల్లకి ఈ బండి వెనకే వస్తే మా అందరికీ ధైర్యంగా ఉంటుంది బాబూ," అంది.

"వెనక దుమ్ము. నేను ముందు వెళతాను," అన్నాడు వీరభోజుడు.

రాజు గొడుగు కింద నుంచి చెయ్యి బయటికి చాపాడు. మూడు రోజులుగా కురుస్తున్న వాన అరచేతిలో పడింది.

"పైడమ్మా, మోకు మళ్లీ కట్టు," అన్నాడు రాజు. "కొత్త గడియలు వచ్చేదాకా దిమ్మ పట్టుకుని ఈ బండి వెనక మా అధికారి నడుస్తాడు."

పైడమ్మ మోకు కట్టింది. వీరభోజుడు వంగి, ఆ ముడిని తన చేతులతో మరోసారి బిగించాడు.