దున్నని చేను

శఠగోపాచార్యులవారి వద్ద ఏడేళ్లు చదువుకొని, చదువు ముగియకముందే ఎందుకు వచ్చేశానో ఇక్కడ చెప్పను. ఆ వసంతంలో నేను వారిని అడిగిన ఒక్క ప్రశ్న గురించి మాత్రం చెబుతాను.

మంజీర ఒడ్డున మా గురువుగారికి రెండెకరాల శనగచేను ఉండేది. ఫాల్గుణంలో కోత కాగానే ఊరివారంతా దున్నకాలకు దిగేవారు. ఆయన మాత్రం తన చేనిలో నాగలి పెట్టనిచ్చేవారు కారు, రాలిన గింజ ఏరనిచ్చేవారు కారు. తెల్లని తలపై రెండు నల్లచారలున్న అడవిబాతులు ఉత్తరానికి మరలిపోతూ పదిరోజులు అక్కడ ఆగేవి; అవి వెళ్లిన మర్నాడే ఆయన చేను దున్నించేవారు. ఎండవేళ నది ఇసుకతిన్నెపై విశ్రమించి, ఉదయమూ సాయంత్రమూ ఆ చేనిలో దిగి రాలిన శనగలూ, చెమ్మకు మొలిచిన లేతగరికా మేసేవి. ఆ రెక్కల చప్పుడు ఇన్నేళ్లయినా నా చెవులను వదలలేదు.

పక్కచేను కొమురయ్య గట్టుమీద నిలబడి నవ్వేవాడు. “ఏందయ్యగారూ, మీ సుట్టాలు ఇంకా పోలేదా? నువ్వులేసే పదును పోతున్నది గదా!”

“పోతారులే కొమురయ్యా. తిననీ.”

అప్పటికే నా ప్రయాణం నిశ్చయమైంది. ఆయనకు చెప్పలేదు. ఒక సాయంత్రం అడిగాను: “ఎలాగూ వెళ్లిపోయేవాటికి ఇంత ఆదరణ ఎందుకండీ? ఉండిపోయేలా చేయలేమా?”

ఆయన లోపలికి వెళ్లి బుట్టెడు శనగలు తెచ్చి నా చేతికిచ్చారు. “చేసి చూడు నాయనా.”

పాఠశాల గోడవారగా, చింతచెట్టు కింద, నా కళ్లెదుటే ఉండేలా చల్లాను. మూడురోజులు కాచుకున్నాను. ఒక్కటీ రాలేదు. నాలుగువైపులా ఆకాశం కనబడే ఆ బోడిచేనిలోనే, ఒకటి మెడ నిక్కించి కాపలా కాస్తుండగా తక్కినవి మేశాయి. నా శనగలు ఉడుతల పాలయ్యాయి. నాలుగోనాటి ఉదయానికి చేను ఖాళీ.

“ఆపలేకపోయాను,” అన్నాను.

ఆయన చేనివైపే చూస్తూ, “దారిలోకి అటుకులు మూట కట్టించాను. సంచిలో పెట్టుకో,” అన్నారు.

మూడేళ్ల తరువాత, జ్యేష్ఠం నడుమ, వారి నుంచి ఒక కార్డు వచ్చింది. దానికి నేను జవాబు రాయలేదు. అందులో నిష్ఠూరం లేదు, రమ్మన్న మాటా లేదు. ఆశీస్సుల కింద ఇంతే ఉంది:

“బాతులు చైత్రంలోనే వెళ్లాయి. చేను ఇంకా దున్నలేదు.”