వెండినీళ్లు ఎందుకు తెల్లబడ్డాయి?

నూతిలో పడితే చందమామ కూడా ఉప్పగా ఉంటాడని చెప్పుకునే కోట ఒకటుండేది. రాజుగారి మందుకి ఆ కోట నూతి నీళ్లే వాడాలని ఆస్థాన వైద్యుడు మార్కండభట్టు పట్టు. వెండి కరిగించిన ద్రావకం అందులో పోయగానే నీళ్లు పాలలా తెల్లబడి, ఎండ తగిలేసరికి నల్లబడ్డాయి.

"నీళ్లు మోసింది పాపిష్టిది ప్రభూ. పొలిమేర దాటించండి," అన్నాడు భట్టు.

నీళ్లు మోసే పైడమ్మ బిందె కింద పెట్టింది. పొలిమేర దాటితే, వెన్నెల్లో పాడుతూ పడవ నడిపే సింహాద్రి ఇక కనిపించడు. వచ్చే నెలే వాళ్ల పెళ్లి.

"తమరు చెప్పిందే నిజం బాబయ్యా," అంది పైడమ్మ, చేతులు కట్టుకుని. "ఈసారి తమ పుణ్యం చేతులతో తమరే తోడి కలపండి. రాజుగారు చూస్తారు."

భట్టు పొంగిపోయి, రాజు ఎదుటే చేద వేసి తోడి కలిపాడు. నీళ్లు మళ్లీ పాలలా తెల్లబడ్డాయి.

"ఏం భట్టూ, ఇద్దరినీ దాటించమంటావా?" అన్నాడు రాజు.

"లేదు ప్రభూ, దోషం నూతిది. ఆ ఉప్పు తగిలే వెండినీళ్లు తెల్లబడ్డాయి!"

"నూతిని పొలిమేర ఎలా దాటిస్తాం బాబయ్యా? ఉప్పులేని వాననీళ్లు పట్టి చూడండి," అంది పైడమ్మ.

రాజు పకపకా నవ్వి సరేనన్నాడు. భట్టు కుండ పట్టుకుని మబ్బులకేసి చూస్తూ మేడ మీద నిలబడ్డాడు. పొద్దుగూకాక పైడమ్మ ఏటి వైపు నడిచింది. అక్కడ సింహాద్రి పాట అప్పుడే మొదలైంది.