తోక కండలు నులక అల్లిన వైనం

ఒకప్పుడు మనుషులందరికీ తోకలుండేవి. అందరూ నాలుగు కాళ్ళ మీదే నడిచేవాళ్ళు. పేగులూ, మూత్రపుతిత్తీ, ఆడవాళ్ళకైతే గర్భసంచీ, అన్నీ పొట్ట గోడ మీద ఉయ్యాల్లో పడుకున్నట్టు హాయిగా పడుకునేవి.

తోక మొదట్లో కొన్ని కండలుండేవి. వాటికి తోక ఊపడం ఒక్కటే పని. ఈగ వాలితే ఊపేవి. వాలకపోతే, ఎందుకు వాలలేదా అని ఊపేవి. ఒక్క క్షణం కుదురుండేది కాదు.

ఊపమని కబురు తెచ్చేది నరం. వెన్నెముక అడుగున పలకలాంటి ఎముక ఉంది కదా, అందులో మూడు కన్నాల్లోంచి మూడు పోగులుగా వచ్చి, ఒక్క తాడై, నడుం ఎముకల వెనక కిటికీలోంచి బయటికి దూకేది. దాని వెంటే రెండు నెత్తురు కాలువలు. ఎర్ర కాలువ కండలకి సద్దిమూట మోసుకెళ్ళేది. నీలి కాలువ ఖాళీ గిన్నెలు వెనక్కి తెచ్చేది.

ఆ రోజుల్లో సింగారి అనే ఆమె కడుపుతో ఉంది. ఆమె మొదటి బిడ్డ ఓసారి వీపు మీంచి జారి ముళ్ళకంపలో పడ్డాడు. వాడి ఒంట్లో ముళ్ళు తియ్యడానికి మూడు రోజులు పట్టింది. అప్పుడే సింగారి గట్టిగా అనుకుంది, ఈసారి బిడ్డని వీపున వెయ్యను, చేతుల్లో ఎత్తుకుంటాను అని. చేతుల్లో ఎత్తుకోవాలంటే చేతులు ఖాళీగా ఉండాలి. అంటే రెండు కాళ్ళ మీద నిలబడాలి.

నిలబడింది.

అంతే, లోపల ఒకటే గోల.

"ఓ పేగమ్మా, నా నెత్తిన కూర్చున్నావేంటి?" అంది మూత్రపుతిత్తి.

"కూర్చోలేదే తల్లీ, పడ్డాను! పట్టుకోవడానికి ఇక్కడ ఏమీ లేదు!" అంది పేగు.

"తోసుకోకండర్రా! నాలో బిడ్డ ఉంది, ఇంకా నెలలు నిండలేదు. జారిందంటే దక్కదు!" అని ఏడ్చింది గర్భసంచి.

సింగారికి కిందంతా బరువుగా లాగేసింది. గబుక్కున చేతులు నేలకి ఆనించింది. కాసేపాగి మళ్ళీ లేచింది. మళ్ళీ లాగింది. ఈసారి రెండు చేతులతో కింద అదిమి పట్టుకుని నిలబడింది. మరి చేతులు ఖాళీ ఎక్కడ?

అత్త బూదమ్మ నులక మంచం అల్లుతూ ఇదంతా చూస్తోంది.

"ఏమే, లేస్తావు, కూలబడతావు! నిన్ను చూస్తుంటే నాకు అల్లిక తప్పుతోంది. మాకెవరికీ లేని నిలబడే రోగం నీకెక్కడిదే?"

"కడుపులోవన్నీ కిందికి జారుతున్నాయి అత్తా."

బూదమ్మ నులక పక్కన పడేసి వచ్చింది. కోడలి నడుం చుట్టూ తడిమి చూసింది. "పట్టెలు గట్టివేనే! ఎముకలన్నీ చట్రంలా బాగానే ఉన్నాయి. కానీ మధ్యలో అల్లిక లేదు. నులక లేని మంచం మీద ఎవరైనా పడుకుంటారా?"

ఆ మాట లోపల అందరికీ వినబడింది. "నులకా? నులక ఎక్కడుంది?" అని వెతుకులాట మొదలైంది. మూత్రపుతిత్తి తోక వైపు చూసింది.

"ఏయ్ తోకవాళ్ళూ! పనీపాటా లేకుండా ఊగుతున్నారు కదా, లోపలికొచ్చి అల్లుకోండి!"

"మేమా?" అన్నాయి తోక కండలు. "ఊగకపోతే మాకు ఊపిరాడదు. ఒకచోట కదలకుండా పడుండడం మా వల్ల కాదు బాబూ!"

"కదలకుండా ఎందుకు? పొద్దస్తమానం పట్టుకునే ఉండాలి, మీకు తీరికే దొరకదు," అంది గర్భసంచి.

తీరిక దొరకదు అనేసరికి కండలకి హుషారొచ్చింది. ఒక కొస ఎలాగూ తోక ఎముకకి కట్టే ఉంది. రెండో కొసని ముందు ఎముక దాకా లాగి కట్టాయి. అటూ ఇటూ గోడలకి బిగించాయి. మూత్రానికి ఒక దారి, బిడ్డకి ఒక దారి, మలానికి ఒక దారి వదిలి, మిగతాదంతా దగ్గర దగ్గరగా అల్లేశాయి.

"మరి నన్నెవరు ఊపుతారు?" అంది తోక. అది అలిగి, ముడుచుకుని, చిటికెన వేలంత ఎముకగా లోపలికి వంగి కూర్చుంది.

సింగారి మళ్ళీ లేచింది. ఇంతలో బూదమ్మ పొయ్యిలో పచ్చి కట్టెలు పెట్టింది. పొగ కమ్మింది. సింగారికి దగ్గొచ్చింది.

ఖళ్ళు!

పైనుంచి అన్నీ ఒక్కసారి దూకాయి. అల్లిక సాగింది. బిడ్డ ఒక వేలెడు కిందికి జారింది. కండలు బిగుసుకుందామంటే కబురేదీ? నరం అలవాటు కొద్దీ వెనక కిటికీలోంచి బయటికెళ్ళి, "తోక ఏదీ? ఇక్కడే ఉండాలే!" అని వెతుక్కుంటోంది. సద్దిమూటతో ఎర్ర కాలువా దాని వెనకే బిక్కమొహం వేసుకుని నిలబడింది.

"నరం బావా, పని బయట లేదు! లోపల! తొందరగా రా!" అని అరిచాయి కండలు.

నరం వెనక్కి తిరిగింది. కానీ అదే కిటికీలోంచి బొటనవేలంత లావున్న కాలి నరం బయటికొస్తోంది.

"ఎదురు రాకు! నేను పాదం దాకా పోవాలి!"

"బిడ్డ జారిపోతోంది అన్నా!"

"అయితే కింద చిన్న కిటికీ ఉంది, అటు పో!"

అక్కడ ముల్లులాంటి ఎముక ఒకటి పొడుచుకొచ్చి ఉంది. నరం దాన్ని పట్టుకుని గిర్రున తిరిగి, కింది కిటికీలో దూరింది. ఎర్ర కాలువా, నీలి కాలువా దాని కొంగు పట్టుకున్నట్టే దూరాయి. లోపల గోడ వారగా సన్నటి సొరంగం. ముగ్గురూ అందులో పాకుతున్నారు. పైన సింగారి గొంతులో రెండో దగ్గు గరగరమంటోంది.

నరానికి సొరంగం దాటేదాకా ఆగే ఓపిక లేదు. దగ్గు ఇంకా గొంతులో ఉండగానే కేకేసింది: "పట్టండర్రా!"

కండలు ఒక్క ఊపున పైకి లేచాయి. అప్పుడొచ్చింది దగ్గు. ఖళ్ళు, ఖళ్ళు! పేగులు వచ్చి అల్లిక మీద పడ్డాయి. మూత్రపుతిత్తి ఒక్క చుక్క వదల్లేదు. జారిన బిడ్డ ఆ వేలెడూ పైకొచ్చి తన చోట సర్దుకుంది.

సింగారి కింద పట్టుకున్న చేతులు మెల్లగా తీసింది. ఏమీ జారలేదు. రెండు చేతులూ గాల్లోకి చాపి చూసుకుంది.

"చూశావా అత్తా!"

"చూశాలే," అంది బూదమ్మ. ఆ పొగలోనే దగ్గుకుంటూ, మంచం పట్టె పట్టుకుని తనూ లేవబోయింది. "ఏదీ, ఆ చెయ్యి ఇటివ్వు."

అప్పటినుంచే మనిషి నడుం ఎముకల అడుగున కండల అల్లిక ఉంటుంది, దాని వెనక తోక ఎముక ముడుచుకుని ఉంటుంది. అప్పటినుంచే ఆ నరం నెత్తురు కాలువలతో కలిసి ఒక కిటికీలోంచి బయటికెళ్ళి, ముల్లు ఎముకని చుట్టి, ఇంకో కిటికీలోంచి లోపలికొస్తుంది. మనం దగ్గినా, తుమ్మినా, పకపకా నవ్వినా ఆ కండలు మనకంటే ముందే లేచి పట్టుకుంటాయి. మనం నిద్రపోయినా అవి పట్టు పూర్తిగా వదలవు.