గాజుపెట్టెలో సముద్రం, నన్నారి సీసాలో సున్నం

ఇలా దగ్గరికి జరగండి. కాళ్ళు కడుక్కున్నారా? దుప్పటి మెడదాకా లాక్కోండి. ఈ కథ మీరు విని ఉండరు. మీరున్న చోటు చాలా దూరం కదా, కథలు కూడా అంత దూరం వచ్చేసరికి అలిసిపోతాయి. అందుకే ఇవాళ నేనే చెబుతున్నాను.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో కొండలున్నాయి, వేరుశనగ చేలున్నాయి, కళ్ళల్లో దుమ్ము కొట్టే గాలి ఉంది. సముద్రం ఒక్కటే లేదు. ఆ ఊరి పేరు అనంతపురం.

ఆ ఊళ్ళో తరంగిణి అని ఒక పాప ఉండేది. ఏడేళ్ళ పిల్ల. దానికో తమ్ముడు, వాడికి మూడేళ్ళు. వాడి అసలు పేరు ఎవరూ పిలవలేదు, అందరికీ వాడు చిట్టే.

వాళ్ళ నాన్న సత్తిరాజు ఉప్పాడలో, సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడు. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి, ఈ ఊరి పిల్ల రేణుకను పెళ్ళాడి, ఇక్కడే ఉండిపోయాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అలల చప్పుడు లేకపోయేసరికి మాత్రం పాపం, అతనికి నిద్ర పట్టేది కాదు.

"ఇక్కడ చెవులు ఖాళీగా ఉన్నాయి" అనేవాడు.

"నేను మాట్లాడుతూనే ఉన్నాను గదా, ఇంకా ఖాళీ ఎక్కడిది?" అనేది రేణుక.

అప్పుడు సత్తిరాజు ఏం చేశాడో తెలుసా? సముద్రాన్నే ఇంటికి తెచ్చుకున్నాడు. ముందు గదిలో పెద్ద గాజుపెట్టె పెట్టాడు. మంచినీళ్ళు పోశాడు. సముద్రపు ఉప్పు అని విడిగా అమ్ముతారు, అది తెచ్చి కలిపాడు. రాళ్ళు పేర్చాడు, రాళ్ళ మీద పగడాలు అతికించాడు, మోటారు పెట్టి అలలు తెప్పించాడు. ఆ తర్వాత చేపలు వచ్చాయి. ఒకటి నీలంది, ఒకటి పసుప్పచ్చది, ఒకటేమో నారింజ రంగుది, దాని ఒంటికి తెల్ల పట్టీలు.

ఆ నారింజ చేపకు తరంగిణి కమలమ్మ అని పేరు పెట్టుకుంది. బడికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి దానితో కబుర్లు. ఇది మాట్లాడుతుంటే అదొచ్చి అద్దానికి మూతి ఆనించి వినేది. మధ్యలో అడ్డం రాని మనిషి ఇంట్లో అదొక్కతే అని తరంగిణికి దానిమీద ప్రాణం.

ఇక రేణుక సంగతి చెప్పాలి. ఆవిడకు ఖాళీ సీసా పారేయాలంటే చేతులు రావు. కాఫీపొడి సీసాలో జీలకర్ర, బిస్కెట్ల డబ్బాలో సూదులు, నెయ్యి డబ్బాలో రూపాయి బిళ్ళలు. మిగిలినవన్నీ కడిగి, ఆరబెట్టి, అటక మీద వరసగా పేర్చేది. చుట్టాలొస్తే నగలు చూపించినట్టు చూపించేది.

సత్తిరాజు తన సముద్రానికి కావలసినవన్నీ పెద్ద పెద్ద సంచుల్లో, డబ్బాల్లో తెచ్చేవాడు. అవి గాజుపెట్టె కింది బీరువాలో పట్టవు. "రేణుకా, ఖాళీవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగేవాడు. ఆవిడ మురిసిపోయి తీసిచ్చేది. అలా సముద్రపు ఉప్పు ఊరగాయ జాడీలోకి వెళ్ళింది. చేపలు తినే చిన్న రొయ్యల ముద్దలు, గులాబీ రంగు గడ్డలుగా ఉంటాయి, అవి ఐస్‌క్రీం డబ్బాలోకి, అక్కణ్ణించి ఫ్రిజ్‌లోకి వెళ్ళాయి. పగడాలు గట్టిపడాలని పోసే సున్నపు నీళ్ళేమో నన్నారి సీసాలోకి వెళ్ళాయి. నన్నారి అంటే ఆ ఊళ్ళో ఎండాకాలం తాగే షర్బత్తే, చల్లగా, తియ్యగా ఉంటుంది. సున్నపు నీళ్ళు అలా కాదు. గోడకు కొట్టే సున్నం లాంటిదే అది. నోరు కాలుస్తుంది.

చూశారా, ఇంట్లో మూడు అబద్ధాలు తయారయ్యాయి. పైన ఒకటి, లోపల ఇంకొకటి. ఎవరూ కావాలని చెప్పినవి కావు.

మొదటిది జాడీ. ఒకరోజు రేణుక తమ్ముడు ఓబులేసు ఎండన పడి వచ్చాడు. రేణుక హడావుడిగా మజ్జిగ చిలికి, జాడీలోంచి ఉప్పు తీసి కలిపి ఇచ్చింది. ఓబులేసు ఒక్క గుక్క తాగాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"అక్కా, ఇందులో ఏమేసినావు?"

"ఉప్పే కదరా."

సత్తిరాజు పరుగెత్తుకొచ్చి జాడీ చూసి నాలుక కరుచుకున్నాడు. "అది చేపలదయ్యా."

"బావా, నేనింతవరకు సముద్రం చూడలేదు" అన్నాడు ఓబులేసు నోరు కడుక్కుంటూ. "ఈరోజు తాగినాను."

అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వి మరిచిపోయారు. అదే తప్పు.

ఆ తర్వాత ఐస్‌క్రీం డబ్బా. చిట్టి స్టూలెక్కి ఫ్రిజ్ తెరిచాడు. గులాబీ రంగు గడ్డ చూసి, స్ట్రాబెర్రీ అనుకుని నోట్లో వేసుకున్నాడు. వేసుకున్నంత సేపు పట్టలేదు, ఓబులేసు మామ చొక్కా మీద ఉమ్మేశాడు.

"మామా, ఐసు చచ్చిపోయింది" అన్నాడు ఏడుపు మొహంతో.

మళ్ళీ అందరూ నవ్వారు. రేణుక మాత్రం నవ్వలేదు. వాడి నోరు కడిగి, చేతులు కడిగి, వాడు మామూలుగా ఆడుకుంటున్నాడని చూసుకున్నాక, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇంకొక్కసారి ఈ సముద్రంలోది ఏదైనా నా బిడ్డ నోట్లోకి పోయిందంటే, సముద్రం బయటికి పోతుంది. చేపలను ఎవరికైనా ఇచ్చేయండి. నేను ఊరికే అనడంలేదు."

"బీరువాకు తాళం వేయిస్తాను. రేపే" అన్నాడు సత్తిరాజు.

రేపు వచ్చింది, వెళ్ళింది. వడ్రంగి రాలేదు. ఇంకో రేపు కూడా అలాగే వెళ్ళింది. తరంగిణి మాత్రం ఆ మాట మరిచిపోలేదు. బడిలో కూడా దానికి అదే ధ్యాస. కమలమ్మ పోతే నా కబుర్లు ఎవరు వింటారు? అందుకని తమ్ముడు ఎటు వెళితే అటు వెనకాలే తిరిగేది. కానీ ఏడేళ్ళ పిల్ల ఎంతసేపని కాపలా కాస్తుంది చెప్పండి?

ఒక ఆదివారం పగలు, సత్తిరాజు పగడాలకు సున్నపు నీళ్ళు పోసి, సీసా గాజుపెట్టె కింద బీరువాలో పెట్టి స్నానానికి వెళ్ళాడు. మూత సరిగా బిగించలేదు. రేణుక వంటింట్లో చపాతీలు ఒత్తుతోంది. తరంగిణి అద్దానికి ముక్కు ఆనించి కమలమ్మకు పద్యం అప్పజెబుతోంది. అప్పుడు వెనకాల బీరువా తలుపు కిర్రుమంది.

తిరిగి చూస్తే చిట్టి నేలమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో నన్నారి సీసా. మూత ఒక మూల దొర్లుతోంది. వాడికి చదువు రాదు కదా, సీసాను చూసి గుర్తుపట్టాడు. మూతి చుట్టూ తెల్లగా, పాలు తాగిన పిల్లిలా ఉన్నాడు.

"అక్కా, షర్బత్తు బాలేదు. మంట."

"ఎంత తాగావురా?"

"నాకినా." వాడు పెదవి చేత్తో తుడుచుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా, గుసగుసగా అన్నాడు. "అమ్మకు చెప్పొద్దక్కా. కమలమ్మ పోతుంది."

తరంగిణి తిరిగి చూసింది. అద్దం వెనక కమలమ్మ ఇటే చూస్తోంది. తెల్లదనం తుడిచేస్తే ఎవరికీ తెలియదు. సీసా లోపల పెట్టేసి తలుపు మూసేస్తే సరి. అంత తేలిక.

కానీ వాడు పెదవి పదే పదే తుడుచుకుంటున్నాడు. తెల్లదనం తుడిస్తే పోతుంది, మంట పోతుందా?

అప్పుడు తరంగిణి సీసాకు మూత పెట్టి పైన పెట్టింది. తమ్ముణ్ణి చంకనేసుకుంది. కమలమ్మ వైపు చూడలేదు. చూస్తే కాళ్ళు కదలవని దానికి తెలుసు. నేరుగా వంటింట్లోకి పరుగెత్తింది.

"అమ్మా, చిట్టి సున్నపు నీళ్ళు నాకాడు. నన్నారి సీసాలోవి."

రేణుక అరవలేదు. పొయ్యి ఆపింది. తడిగుడ్డతో వాడి మూతి, చేతులు తుడిచింది. నీళ్ళు పోసి "పుక్కిలించి ఉమ్ము నాన్నా" అని మళ్ళీ మళ్ళీ కడిగింది. సత్తిరాజు తలకు సబ్బుతోనే పరుగెత్తుకొచ్చాడు. పక్కింటావిడ గుమ్మంలోంచి "ఉప్పునీళ్ళు తాగించి కక్కించండి" అంది.

సత్తిరాజు అప్పటికే ఆసుపత్రికి ఫోన్ చేశాడు. అవతలి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "కక్కించొద్దు. లోపలికి పోతూ ఒకసారి కాలిస్తే, పైకొస్తూ ఇంకోసారి కాలుస్తుంది. నోరు కడగండి. వెంటనే బయల్దేరండి. ఆ సీసా కూడా తీసుకురండి."

బయల్దేరారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ చిట్టి నోట్లో లైటు వేసి చూసింది. సీసా తిప్పి చూసింది.

"దీనిమీద నన్నారి అని ఉందే?"

"లోపల సున్నపు నీళ్ళండీ" అన్నాడు సత్తిరాజు తలొంచుకుని.

"మీరు చెబితేగానీ నాకు తెలియలేదు. మూడేళ్ళవాడికి ఎలా తెలుస్తుందండీ?"

అప్పుడు తరంగిణి ముందుకొచ్చింది. "వాడు ఎక్కువ తాగలేదండీ. నేను మూత పెట్టేటప్పుడు సీసా మెడదాకా నీళ్ళున్నాయి."

డాక్టరమ్మ దాని వైపు తిరిగింది. "నువ్వు చూశావా? చూసి ఏం చేశావు?"

"అమ్మకు చెప్పాను."

"ఎప్పుడు?"

"అప్పుడే."

డాక్టరమ్మ చిట్టిని కాసేపు అక్కడే ఉంచుకుంది. పెదవి, నాలుక చివర ఎర్రబడ్డాయి, అంతే. లోపలికి ఏమీ పోలేదు. వెంటనే కడగడమే మేలయిందని చెప్పి ఇంటికి పంపింది. దారిలో చిట్టి నన్నారి కొనిపెట్టమని అడిగాడు. ఆ మాటకు సత్తిరాజుకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇంటికొచ్చాక తరంగిణి గాజుపెట్టె ముందు కూర్చుంది. ఏం చెప్పాలో దానికి తెలియలేదు. "నిన్ను మంచివాళ్ళ ఇంటికే ఇస్తారులే" అంది చివరికి. కమలమ్మ అద్దానికి మూతి ఆనించింది.

అంతలో రేణుక పెద్ద గోనెసంచి పట్టుకుని వచ్చింది. తరంగిణి కళ్ళు మూసుకుంది. చేపలను గోనెసంచిలో ఎలా తీసుకెళతారు అని కూడా దానికి తోచలేదు.

అప్పుడు వంటింట్లో గలగలమని చప్పుడైంది. కళ్ళు తెరిచి చూస్తే రేణుక అటకెక్కి ఉంది. ఒక్కొక్క ఖాళీ సీసా, ఒక్కొక్క డబ్బా తీసి సంచిలో వేస్తోంది. నగలు వేస్తున్నట్టే వేస్తోంది, మొహం అలాగే ఉంది. జాడీ, ఐస్‌క్రీం డబ్బా, నన్నారి సీసా, అన్నీ వెళ్ళాయి.

"అమ్మా, మరి కమలమ్మ?"

రేణుక అటక మీదనుంచే చెప్పింది. "నువ్వు దాచి ఉంటే పోయేది. నువ్వు చెప్పినావు కదా, ఉంటుంది. బిడ్డలు చెప్పే ఇంట్లో ఏదైనా పెట్టుకోవచ్చు. తాళం సంగతి మీ నాన్నను మాత్రం అడగొద్దు, ఆయన రేపు రేపు అంటాడు."

సత్తిరాజు ఆ మాట విన్నాడు. ఈసారి రేపనలేదు. ఆ సాయంత్రమే తనే సుత్తి పట్టి బీరువాకు గొళ్ళెం బిగించి తాళం వేశాడు. తాళంచెవి పిల్లలకు అందనంత ఎత్తున తగిలించాడు. ఉప్పుకు దాని సొంత డబ్బా, మూత బిగుతుగా ఉండేది. సున్నానికి అది వచ్చిన డబ్బానే, పేరు పెద్దగా కనిపించేలా. రొయ్యల ముద్దలకు ఫ్రిజ్ పై అరలో వేరే పెట్టె. వేలాడే కరెంటు వైర్లను వెనక్కి కట్టేశాడు. గాజుపెట్టె పైన మూత వేశాడు. నీళ్ళల్లో చెయ్యి పెడితే సబ్బుతో కడుక్కున్నాకే పిల్లలను ఎత్తుకునేవాడు.

తరంగిణి ఆ రోజు పద్యం మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టింది. పక్కనే చిట్టి కూర్చుని, తెలిసినట్టు తలూపుతూ విన్నాడు. లోపల కమలమ్మ, బయట వీడు. ఇద్దరి మూతులూ అద్దానికే.

పగడానికి పోసేది పాపకు వద్దు,
చేపకు వేసేది చిట్టికి వద్దు,
నోటికి తగిలితే దాచనే వద్దు,
చెప్పిన బుగ్గకు అమ్మది ముద్దు.

కథేమో కంచి బస్సెక్కి వెళ్ళిపోయింది, మనమేమో దుప్పట్లోకి దూరిపోయాం. ఇక కళ్ళు మూసుకోండి. రేపు మీ స్నేహితుల ఇంట్లో గాజుపెట్టె కనిపిస్తే, వాళ్ళ చిన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథ చెప్పండి. నాకు మాటివ్వండి, మీ దగ్గరే ఆపేయకండి.